చేతిలో కుట్టుమిషను, కాగితం మీద పాత ఉద్యోగం

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లోని చింతల్‌లో ఉంటాను. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఆఖరున నా జీతం 17,500 రూపాయలు. మొత్తం నలభై మందిమి. నాలుగు నెలల క్రితం మా విభాగం మూసేస్తున్నామని చెప్పి, ఒకే రోజు పన్నెండు మంది చేత రాజీనామా పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అప్పటి నుంచి ఇంట్లోనే జాకెట్లు కుడుతూ మగ్గం పని చేస్తున్నాను. మొదటి నెల నాలుగు వేలు కూడా రాలేదు. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది వేలు వస్తున్నాయి. మా ఆయన మూడేళ్ల క్రితం చనిపోయారు. ఇద్దరు పిల్లలు. పని నిలదొక్కుకునేదాకా ప్రభుత్వం నెలనెలా ఏదైనా సాయం చేస్తుందేమోనని తిరుగుతున్నాను. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డుకు వెళ్తే పీఎఫ్ సభ్యురాలినని తిప్పి పంపారు. ఆదాయ ధ్రువపత్రానికి వెళ్తే పాత జీతం లెక్కన ఏడాదికి 2 లక్షల 10 వేలని రాశారు, దాంతో రేషన్ కార్డు ఆగిపోయింది. బ్యాంకులో ముద్ర రుణం అడిగితే రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు తెమ్మన్నారు. ఒకాయన ఐదు వేలిస్తే ముద్ర ఇప్పిస్తానంటున్నాడు. ఉద్యోగం పోయాక కూడా కాగితాల్లో నేను ఉద్యోగినేనా? పీఎఫ్ మొత్తం తీసేసి మంచి మిషను కొనుక్కోనా?
— ఒక సోదరి, చింతల్

సమాధానం: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. కొత్తగా సొంత పని పెట్టుకున్నవారికి, ఆ పని కాళ్ల మీద నిలబడేదాకా నెలకింత అని ఇచ్చే పథకం మన దగ్గర లేదు. మీరు నాలుగు నెలలుగా వెతుకుతున్న ఇంటికి గుమ్మమే పెట్టలేదు. అయితే మీకు రాగలిగినవి వేరే ఉన్నాయి. పాత ఉద్యోగం దగ్గర మిగిలిపోయిన మీ డబ్బు ఉంది, ఇంటి ఖర్చు తగ్గించే కార్డులు ఉన్నాయి, ఆ తర్వాత అప్పులు ఉన్నాయి. మీరు ఈ వరుసను తిరగేసి పట్టుకున్నారు. అప్పు దగ్గరికి ముందు వెళ్లారు. రావలసిన డబ్బు ఊసు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ డబ్బు పేరు గ్రాట్యుటీ. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో ఐదేళ్ల సర్వీసు నిండినవారు ఉద్యోగం వదిలితే అది ఇవ్వాల్సిందే. రాజీనామా చేసినా ఇవ్వాలి. మీ యజమాని రాయించుకున్న కాగితం ఇక్కడ మీకు అడ్డం రాదు. లెక్క సులువు: ఆఖరి నెల మూలవేతనం, కరవు భత్యం కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. మీ 17,500లో మూలవేతనం, కరవు భత్యం కలిపి 12,000 అనుకుందాం. ఆరేళ్లకు 41,538 రూపాయలు. మీరు కొనాలనుకుంటున్న మిషను ఆ లెక్కలోనే ఉంది, పీఎఫ్ జోలికి వెళ్లనక్కరలేదు. చెల్లించాల్సిన గడువు 30 రోజులు, దాటితే వడ్డీ కూడా కలపాలి. నాలుగు నెలలు గడిచాయి కదా అని వెనకాడకండి. ఆలస్యంగా అడిగారన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయడానికి వీల్లేదు. యజమాని మొండికేస్తే కార్మిక శాఖ సహాయ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మీ పన్నెండు మందిలో ఐదేళ్లు దాటినవారు ఇంకా ఉండే ఉంటారు. వాళ్లకూ చెప్పండి. ఒక్కరు రాసిన ఉత్తరం బల్ల సొరుగులోకి పోతుంది, ఏడుగురు రాస్తే దానికి ఫైలు తెరుస్తారు.

నేను ముప్పై ఏళ్లు చిన్న ఫ్యాక్టరీలకు జీతాల పుస్తకాలు రాసినవాణ్ని. ఇలాంటి రాజీనామాలు కట్టలు కట్టలుగా చూశాను. పన్నెండు కాగితాలు, ఒకే చేతిరాత, ఒకే తేదీ, ‘సొంత కారణాల వల్ల’ అన్న ఒకే మాట. పన్నెండు ఇళ్లలో ఒకే రోజు సొంత కారణాలు పుట్టుకొచ్చాయన్నమాట! ఈ విడ్డూరమే మీకు రేపు సాక్ష్యం. మిగతా పదకొండు మంది పేర్లు, వాళ్ల ఆఖరి పని రోజు, విభాగం మూసేస్తున్నామని వాట్సాప్‌లో వచ్చిన సందేశం ఏదైనా ఉంటే అదీ, అన్నీ ఒకచోట పెట్టుకోండి. ఎందుకంటే తర్వాతి మెట్టు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా. ఆ కాగితం మీకు అడ్డం పడేది అక్కడే.

నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కట్టాలి. 17,500 మీద రెండూ కలిపి నెలకు 700 రూపాయలు. ఆరేళ్లు మీ పేరున చందా వెళ్లింది కాబట్టి ఇప్పుడు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. 2018లో మొదలైంది. గడువులు పెట్టుకుంటూ, పొడిగించుకుంటూ వస్తున్నారు కాబట్టి ఇప్పుడు అమల్లో ఉందో లేదో బ్రాంచి కార్యాలయంలో ముందు అడగండి. ఉద్యోగం పోయినవారికి సగటు రోజు వేతనంలో సగం చొప్పున, గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. మీ జీతానికి మొత్తం 90 రోజులూ మంజూరైతే సుమారు 26 వేలు. కనీసం రెండేళ్ల సర్వీసు ఉండాలి, ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా కట్టి ఉండాలి, అంతకు ముందు కాలాల్లోనూ అలాంటిదే ఒక షరతు ఉంది. ఇవి మీకు చిక్కు కావు.

చిక్కులు రెండు. స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి ఇది వర్తించదు. మీ కాగితంలో ఉన్న మాటలు అలాగే కనిపిస్తాయి. అక్కడ కొర్రీ పడితే పైన చెప్పిన సాక్ష్యం చూపండి, విభాగం మూసేయడం వల్లే పోయిందని రాతపూర్వకంగా ఇవ్వండి. రెండోది, మీరు ఇప్పటికే కుట్టుపని మొదలుపెట్టారు. ఇది ఉద్యోగం లేని రోజులకు ఇచ్చే సాయం. బతకడానికి ఇంట్లో నాలుగు జాకెట్లు కుట్టడం ఉపాధి కిందికి వస్తుందా రాదా అన్నది అధికారి తేల్చాలి. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏమీ సంపాదించలేదని రాసి సంతకం పెట్టవద్దు. ఇప్పటికే ఒక అబద్ధపు కాగితం మీద మీ చేత సంతకం పెట్టించారు, రెండోది మీ అంతట మీరు పెట్టకండి. వచ్చే అవకాశం సగం సగమే అనుకుని వెళ్లండి. ఫారం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు చాలు. యజమాని చేతుల మీదుగా పంపనక్కరలేదు, మీరే నేరుగా ఇవ్వవచ్చు.

ఈఎస్‌ఐ గురించే ఇంకో మాట. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి ఆ కార్డు చెల్లదని చాలామంది దాన్ని పారేస్తారు. చందా కాలానికీ వైద్యం అందే కాలానికీ మధ్య ఎడం ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా ప్రయోజనం. మీ ఆఖరి చందా ఏ కాలంలో పడిందో చూసుకుంటే, పిల్లలకు జ్వరమొస్తే ఇంకా ఎన్నాళ్లు ఆ డిస్పెన్సరీకి వెళ్లవచ్చో తెలుస్తుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. అవును, కాగితాల్లో మీరు ఇంకా ఉద్యోగే. పీఎఫ్ ఖాతాలో మీ నిష్క్రమణ తేదీ, అంటే ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’, యజమాని నమోదు చేసి ఉండరు. పంపించేయడానికి ఉన్న తొందర ఆ తేదీ నమోదు చేయడానికి ఉండదు. ఈ-శ్రమ్ పీఎఫ్, ఈఎస్‌ఐ సభ్యులు కానివారి కోసం పెట్టినది కాబట్టి అక్కడ తలుపు మూసుకుంది. సంతోషించాల్సిన సంగతేమిటంటే, ఆ తేదీ కోసం యజమానిని బతిమాలనక్కరలేదు. ఆఖరి చందా పడి రెండు నెలలు దాటితే, పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ఉన్న ‘మార్క్ ఎగ్జిట్’లో మీరే నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌కు జతైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. తేదీ జాగ్రత్తగా రాయండి, ఒకసారి పడితే దిద్దడం పెద్ద పని. పదిహేను నిమిషాల్లో తేలిపోయే ఈ పని తెలియక మీరు ఎన్ని రోజుల కుట్టుపని పాడుచేసుకున్నారో! తర్వాత ఈ-శ్రమ్‌కు మళ్లీ ప్రయత్నించండి. కానీ ఆ కార్డు చేతికొస్తే నెలకింత ఖాతాలో పడుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మకండి. అది నమోదు మాత్రమే.

పీఎఫ్ డబ్బు మొత్తం తీసెయ్యవద్దు. అందులో పింఛనుకు వెళ్లే భాగం ఒకటుంది. పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్ల తర్వాత నెల పింఛను. మీకు ఆరు అయ్యాయి. ఆ భాగాన్ని తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు ఏ గార్మెంట్ యూనిట్‌లోనో నాలుగేళ్లు చేసినా ఈ ఆరూ దానికి కలుస్తాయి. మరీ గడవకపోతే మిగతా భాగంలో కొంత తీసుకోండి.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరికి వస్తాను. మీ ఆయన పోయిన మూడేళ్లలో వితంతు పింఛనుకు దరఖాస్తు చేశారా? రాయలేదు కాబట్టి చేయలేదనే అనుకుంటున్నాను. ఉద్యోగం ఉంది కదా, మనకెందుకు అనుకుని ఉంటారు. పద్ధెనిమిదేళ్లు నిండిన వితంతువులకు రాష్ట్రం ఇచ్చే ఆ పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. ఎన్నికల్లో చెప్పిన 4,000 వచ్చినప్పుడు చూద్దాం, ఇప్పుడు మాత్రం లెక్కలో వేసుకోకండి. మీరు వెతుకుతున్న నెలసరి సాయం పోలికలు ఉన్నది ఇదొక్కటే. అదీ మీ కుట్టుమిషనును చూసి కాదు, మీకు జరిగిన నష్టాన్ని చూసి ఇచ్చేది. బాధ కలిగించే మాటే, కానీ వదులుకోకండి. ఆయన మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని వార్డు కార్యాలయంలో కనుక్కోండి. కొత్త పింఛన్ల మంజూరు నత్తనడక నడుస్తుంది. అందుకే ఈ వారమే వరుసలో నిలబడండి, డబ్బు మాత్రం వచ్చే నెలే వస్తుందని అద్దె లెక్కలో కలుపుకోకండి.

రేషన్ కార్డుకు పట్టణాల్లో కుటుంబ ఆదాయ పరిమితి ఏటా 2 లక్షలు. మీ పాత జీతం లెక్కన పదివేలు ఎక్కువై ఆగిపోయింది. ఇప్పటి రాబడి అందులో సగం. కాబట్టి కొత్తగా ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోండి. ఈసారి ఆపరేటరు టైపు చేసే అంకె మీరు పక్కన నిలబడి చూడండి, ఉద్యోగం పోయిన తేదీ రాసిన స్వీయ ప్రకటన జతచేయండి. విచారణకు వచ్చే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు చూపడానికి పీఎఫ్ నిష్క్రమణ తేదీ ఉన్న పేజీ, మీ పని లెక్కల పుస్తకం ఉండాలి. కార్డు వస్తే ఒక్కొక్కరికి ఆరు కిలోల చొప్పున మీ ముగ్గురికి నెలకు 18 కిలోల సన్నబియ్యం, 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు, 500కు గ్యాస్ సిలిండరు, 10 లక్షల దాకా ఆరోగ్యశ్రీ. అద్దె ఇంట్లో ఉన్నా విద్యుత్తు సదుపాయం వర్తిస్తుంది. ఎనిమిది వేల రాబడిలో బియ్యం, కరెంటు ఖర్చు తగ్గడమంటే జీతం పెరిగినట్టే.

ఆ లెక్కల పుస్తకం గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, నా వృత్తి అది. ఒక నోటుపుస్తకం, నాలుగు గళ్లు చాలు: తేదీ; పని; తీసుకున్న డబ్బు; దారం, పూసలు, జరీకి పెట్టిన ఖర్చు. ఇవ్వాల్సిన బాకీలు వెనక పేజీలో. వీలైనంత మంది దగ్గర యూపీఐలో తీసుకుని, దానికి ఇంటి ఖాతా కాకుండా వేరే ఖాతా వాడండి. ఆరు నెలలు ఇలా రాస్తే మీ పనికి ఒక చరిత్ర ఏర్పడుతుంది. జీతం చీటీ లేని మనిషిని ప్రతి కార్యాలయమూ అనుమానంగా చూస్తుంది. ఈ పుస్తకమే మీ జీతం చీటీ. ఇంకో ఉపయోగమూ ఉంది. మీ పనికి ఋతువులున్నాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మగ్గం పని సగానికి పడిపోతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతాలూ పెళ్లిళ్లూ కలిసి రాత్రి పన్నెండు దాకా కూర్చోబెడతాయి. ఈ ఎగుడుదిగుడు కాగితం మీద కనబడకుండా అప్పు తీసుకుంటే, నెలసరి వాయిదా ఆషాఢంలో కూడా అంతే మొత్తానికి తలుపు తడుతుంది. నేను ఉద్యోగం మాని సొంతంగా లెక్కలు రాసే పని మొదలుపెట్టిన ఏడాది ఇదే పొరపాటు చేశాను. మార్చిలో వచ్చిన డబ్బు చూసి అప్పు తీసుకున్నాను, మే, జూన్‌లలో మా ఆవిడ గాజులు బయటికి వెళ్లాయి.

రేపు ఆ రెండేళ్ల రిటర్నుల గొడవ లేకుండా ఉండాలంటే ఈ ఏటి నుంచే చిన్న వ్యాపారుల ‘సుగమ్’ ఫారంలో రిటర్ను వేయడం మొదలుపెట్టండి. మీ రాబడికి పన్ను పడదు. రిటర్ను వేసినంత మాత్రాన పన్ను కట్టాలని కాదు. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ఉద్యం నమోదు కూడా చేయించుకోండి. అది పూర్తిగా ఉచితం, సొంత ప్రకటన మీద జరుగుతుంది. డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

ఇప్పుడు అప్పు. ముద్రలో 50 వేల లోపు రుణాన్ని శిశు అంటారు, హామీ అడగకూడదు. కానీ అది సాయం కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు. ఐదు వేలడిగే ఆ పెద్దమనిషిని గడప దాటనివ్వకండి, ముద్రకు ఏజెంట్లంటూ ఎవరూ లేరు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ముద్ర కంటే ముందు చేతివృత్తులవారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి వెళ్లండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. మగ్గం పని అని రాస్తే ఆ జాబితాలో కనబడదు. జాకెట్లు కుడుతున్నారు కాబట్టి దర్జీగానే నమోదు చేసుకోండి. ఆధార్ వేలిముద్రతో కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు, తర్వాత పరిశీలన, ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ. శిక్షణలో రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 విలువైన ఈ-వోచరు. ఈ రెండూ తిరిగి కట్టనక్కరలేదు. ఆ తర్వాత కావాలంటే 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా రుణం. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ముద్ర లాంటి రుణం తీసుకుని ఇంకా తీర్చనివారికి ఇందులో చోటుండదు. అంటే తొందరపడి ఇవాళ ముద్ర తీసుకుంటే 15 వేల వోచరు, 5 శాతం వడ్డీ రెండూ చేజారతాయి. బ్యాంకు మేనేజరు మిమ్మల్ని తిప్పి పంపడం ఒకరకంగా మేలే అయింది.

మీ బస్తీలో మహిళా పొదుపు సంఘం ఉంటే చేరండి. పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ మెప్మా కింద నడిచే సంఘాలకు తక్కువ వడ్డీ రుణాలు అందుతాయి, అది అందరికీ తెలిసిందే. దర్జీకి దానికంటే పనికొచ్చే సంగతి వేరే ఉంది. ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫాంలు కుట్టే పని ఇప్పుడు మహిళా సంఘాలకు ఇస్తున్నారు. అది వేసవిలో, బడులు తెరవకముందు వచ్చే పని. మీ ఆషాఢానికి ముందే చేతిలో నాలుగు రూపాయలు పడతాయి.

తిరగాల్సి వస్తే సరైన చోటికి తిరగండి. ఊరు హైదరాబాదే అయినా చింతల్ హైదరాబాద్ జిల్లా కాదు, మేడ్చల్–మల్కాజిగిరి. మీ తహసీల్దారు కార్యాలయం కుత్బుల్లాపూర్‌ది, కలెక్టరేట్ శామీర్‌పేట వైపు. అక్కడ సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఏ దరఖాస్తు ఇచ్చినా నంబరు తీసుకోండి. నెల దాటినా ఉలుకూపలుకూ లేకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, నా ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుగా ఉందని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు. ఈ రాత్రి పీఎఫ్ తేదీ నమోదు చేసుకోండి, రేపు గ్రాట్యుటీ ఉత్తరం పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే వేసి రసీదు దాచుకోండి. ఉత్తరం ఎలా రాయాలో మీరు అడగలేదు కానీ, అక్కడే చెయ్యి ఆగుతుందని నాకు తెలుసు. ఇలా రాయండి:

“యజమాని గారికి, నమస్కారం. నేను మీ సంస్థ ప్యాకింగ్ విభాగంలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆరేళ్లు ఎడతెగకుండా పనిచేశాను. నా పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు కింద ఇస్తున్నాను. మీరు విభాగం మూసివేసిన రోజున నాతోపాటు మరో పదకొండు మంది పని కోల్పోయారు. నాకు రావలసిన గ్రాట్యుటీని, ఆలస్యానికి వడ్డీతో కలిపి, ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో నా బ్యాంకు ఖాతాలో జమచేయగలరు. నా సర్వీసు ధ్రువపత్రంలో పని పోవడానికి కారణం విభాగం మూసివేత అని రాసి పంపగలరు. ఈ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది.”